పాట నిలుచు తావు

శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున, పలాస, టెక్కలి పట్టణములకు తూర్పుగా, సముద్రతీరము వెంట ఒక పచ్చని సీమ కలదు. దానిని ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు ఆ సీమకు తగియున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలలో అచ్చటి ఊళ్ళు దాగియుండును. ఒకవైపు కడలి హోరు వినబడుచుండును. మఱియొకవైపు దూరమున మహేంద్రగిరి నీలముగా కనిపించుచుండును. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మున్నగు మండలముల పల్లెలు ఈ తోటల నడుమనే యున్నవి.

ఇచ్చటి జనులు శ్రమజీవులు. తెల్లవారకమునుపే కొందఱు పడవలతో కడలిలోనికి పోవుదురు. కొందఱు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుదురు. తోటలలో ఏరిన జీడిపిక్కలు పలాసలోని కార్ఖానాలకు చేరును. అచ్చట ఎందఱో స్త్రీలు పిక్కలను పగులగొట్టి, పప్పు తీసి, పైపొర వలిచి, రకములుగా వేఱుచేయుదురు. పెంకునందలి జిడ్డు అంటినచో చేతుల చర్మము పొక్కును. తినువారి నోటికి కమ్మగానుండు పప్పు, తీయువారి చేతికి అంత సుఖమైనది కాదు. ఇట్లు పగలెల్ల కష్టించినవారికి సాయంకాలమున విశ్రాంతి కావలెను. శరీరమునకు నిద్ర విశ్రాంతి. మనస్సునకు ఆటపాటలు విశ్రాంతి.

పట్టణవాసులు సంగీతము వినగోరినచో ఒక మందిరమునకు పోవుదురు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాల ఉత్తరాంధ్రమునకంతకును గర్వకారణము. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమ అధ్యక్షులు. ద్వారము వేంకటస్వామినాయుడుగారు అచ్చట వయొలిన్ నేర్పిరి. అట్టి విద్యాలయములకు గోడలున్నవి, ద్వారములున్నవి, వ్రాసియుంచిన స్వరములున్నవి. ఉద్దానపు పల్లెపాటకు ఇవి యేవియు లేవు. గుడిముందరి ఖాళీస్థలమే దాని రంగస్థలము. ఆకాశమే దాని పైకప్పు. పాడువాని జ్ఞాపకమే దాని పుస్తకము.

గోడలు లేనంతమాత్రమున అది పేదసంగీతము కాదు. సంక్రాంతి వచ్చినను, అమ్మవారి సంబరము జరిగినను, ఊరికి ఊరే గుడిముంగిట చేరును. పూర్వము దివిటీలు, తరువాత పెట్రోమాక్సు దీపములు ఆ స్థలమును వెలిగించెను. నేడు విద్యుద్దీపములు వెలిగించుచున్నవి. దీపములు మాఱినవి గాని చూడవచ్చువారి కుతూహలము మాఱలేదు. పెద్దలు అరుగులమీద కూర్చుందురు. తల్లులు పసిబిడ్డలను ఒడిలోనుంచుకొని చాపలమీద కూర్చుందురు. పడుచువారు వెనుక నిలుతురు. మంచి చోటు దొరకని బాలురు చెట్టుకొమ్మలను ఆశ్రయింతురు. అచ్చట ప్రవేశపు చీట్లు లేవు. ముందువరుసకు ఒక వెల, వెనుకవరుసకు ఒక వెల లేదు. ముందు వచ్చినవానిది ముందుచోటు.

అట్టి సాయంకాలములలో జనులు మిక్కిలి ఆసక్తితో చూచునది తప్పెటగుళ్ళు. ఇది ఉత్తరాంధ్రమునకు ప్రత్యేకమైన కళ. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో యాదవులు, అనగా గొల్లలు, దీనిని తరతరములుగా కాపాడుచు వచ్చిరి. ఆలమందలను, గొఱ్ఱెలమందలను మేపువారికి వాన ప్రాణము. వాన లేనిచో గడ్డి లేదు. గడ్డి లేనిచో పాడి లేదు. కావున వానలు కురియవలెనని, మందలు వృద్ధిపొందవలెనని దేవతలను వేడుకొనుచు వారు పాడి యాడిరి. ఆ వేడుకోలే కాలక్రమమున గొప్ప కళయైనది.

తప్పెట యనునది రేకుతో గుండ్రముగా చేయబడిన వాద్యము. దానిని త్రాటితో మెడకు వ్రేలాడదీసి, ఱొమ్ముపై నిలుపుకొని, రెండు చేతులతోను వాయింతురు. మద్దెలయందలి గాంభీర్యము దానికి లేదు. అయినను పదునైదుగురు, ఇరువదిమంది ఒక్కమాఱుగా వాయించినచో ఆ ధ్వని తోటలు దాటి పొరుగూరివఱకు పోవును. ఆటగాండ్రు మోకాళ్ళవఱకు లాగులు తొడిగి, రంగు బనియనులు ధరించి, కాళ్ళకు గజ్జెలు కట్టుకొందురు. జట్టునకు పెద్దయైనవాడు గురువు. అతడు పాటలో ఒక చరణమెత్తుకొనును. తక్కినవారు దానిని అందుకొందురు. రామాయణ భాగవతములలోని కథలు, గొల్లల వంశకథలు, దేవతల స్తుతులు అందు వచ్చును.

ఆట మొదట మెల్లగా సాగును. ఆటగాండ్రు వలయముగా తిరుగుచు, ఒక అడుగు ముందునకు, ఒక అడుగు వెనుకకు వేయుదురు. చూచువాడు ఇదియెంత సులభమని తలచును. క్రమముగా తాళము వడియగును. చేతులు ఱొమ్ముపై తప్పెటను వాయించుచుండగా, కాళ్ళు నేలపై మఱియొక తాళమును పలుకుచుండును. నోట పాట, చేత వాద్యము, కాలిలో గజ్జె — మూడు పనులు ఒక్క శరీరము చేయుచుండును. అందు ఏ యొక్కటి తప్పినను వరుస చెడును. వేగము మితిమీఱినదని చూచువారు ఊపిరి బిగబట్టునప్పుడు గురువు ఒక సంజ్ఞ చేయును. అంతట అందఱి కాళ్ళును ఒక్క క్షణమున ఆగును. ఆ నిశ్శబ్దములో కడలి హోరు మరల వినబడును.

పిమ్మట విన్యాసములు. కొందఱు వలయముగా నిలిచిన చోట, వారి భుజములపై మఱికొందఱు ఎక్కుదురు. వారిపై ఒక బాలుడు ఎక్కును. అట్లు మనుష్యులతో ఒక గోపురము లేచును. ఆ గోపురము నిలువబడియుండియే తప్పెటలను వాయించును. క్రింద నిలిచినవాని ముఖము ఎవ్వరికిని కనబడదు. చప్పట్లన్నియు పైనున్న బాలునికే దక్కును. కాని క్రిందివాని మోకాలు వణకినచో పైవాడు నేలపై పడును. ఈ సంగతి ఆ బాలునికి బాగుగా తెలియును. ఏలయన, పెరిగి పెద్దవాడైన పిమ్మట క్రింద నిలువవలసినవాడు అతడే.

ఈ ప్రాంతమున మఱియొక కళ జముకుల కథ. జముకు చిన్న డోలువంటి వాద్యము. దానికి ఒకవైపున తోలు మూయబడియుండును, రెండవవైపు తెఱచియుండును. తోలు నడుమనుండి ఒక నరపుతీగ వచ్చును. ఆ తీగ కొనను ఒక చేత బిగించి పట్టి, మఱియొక చేత మీటుదురు. బిగువు హెచ్చినచో స్వరము పైకెక్కును. సడలినచో క్రిందికి జాఱును. తీగవాద్యమా, తోలువాద్యమా యని చెప్పుటకు వీలులేని వింతవాద్యమిది. కథలో తల్లి యేడ్చినచో జముకు ఏడ్చునట్లుండును. హాస్యము వచ్చినచో జముకు కిలకిల నవ్వునట్లుండును. ప్రధాన కథకుడు గజ్జెలు కట్టి, ఆడుచు పాడుచు కథ చెప్పును. ప్రక్కనున్నవారు వంత పాడుదురు. నడుమనడుమ ప్రశ్నలు వేసి కథను ముందునకు నడిపింతురు.

ఈ కళలను నేర్చువిధము గమనింపదగినది. నేర్చువానికి పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు. బాలుడు మొదట ఇంటిముందు ఒక డబ్బారేకుపై తాళము వేయును. తరువాత జట్టు అభ్యసించుచున్న చోటికి పోయి ఒకమూల నిలుచును. ఒకనాడు వరుస చివర నిలుచుటకు అతనికి అనుమతి దొరకును. తప్పటడుగు వేసినచో ప్రక్కవాని మోచేయి తగులును, అదియే దిద్దుబాటు. గురువునకు తెలిసినదంతయు చెవినుండి చెవికి, అడుగునుండి అడుగునకు వచ్చినదే. అది వ్రాతలో లేదు. కావున దానికొక గొప్ప బలము కలదు: చదువురానివాడును దానిని సంపాదింపవచ్చును. దానికొక గొప్ప బలహీనతయు కలదు: నేర్చువాడు రానిచో, ఒక్క తరములో అది నశించును.

ఈ అపాయము ఉద్దానమునకే కలిగినది కాదు. రెండు శతాబ్దములకు పూర్వము సముద్రములకావల ఐర్లండు దేశమునకును ఇట్టి అవస్థయే వచ్చెను. ఆ దేశములోని ఒక పురాతన మందిరమున జరిగిన సంగీతసభ చరిత్రను తెలిసికొన్నచో, పాట యెట్లు పోవునో, ఎట్లు నిలుచునో బోధపడును.

ఐర్లండు, స్కాట్లండు, వేల్సు, ఫ్రాన్సులోని బ్రిటనీ మున్నగు సీమలలో కెల్టిక్ భాషలు మాటలాడు జనులుండిరి. వారి సంగీతమునకు కెల్టిక్ సంగీతమని పేరు. ఐర్లండులో హార్పు అను తీగలవాద్యమునకు గొప్ప గౌరవముండెను. అది వీణవలె ఒడిలో పరుండదు. వాయించువాని భుజమునకానుకొని నిలుచును. పూర్వము దానికి లోహపు తీగలను కట్టెడివారు. పెద్దగోళ్ళు పెంచి, ఆ గోళ్ళతో మీటెడివారు. దేశీయ ప్రభువులు హార్పు వాయించు విద్వాంసులను పోషించిరి. పదునేడవ శతాబ్దమున ఆ ప్రభువుల భూములు అన్యాక్రాంతములయ్యెను. పోషించువారు పోగా, విద్వాంసులు ఇంటింటికి తిరుగు సంచారులైరి. వారిలో పెక్కుమంది మశూచికముచే చూపుపోయినవారు. కన్నులులేని పిల్లవానికి హార్పు నేర్పుట ఆ కాలమున ఒక జీవనోపాధి చూపుటయే. ఆ దేశపు ప్రసిద్ధ వాగ్గేయకారుడు టర్లో కారోలాన్, 1670–1738 సంవత్సరముల నడుమ జీవించినవాడు, అట్లే 18వ యేట చూపు కోల్పోయి హార్పు నేర్చెను. ఒక గుఱ్ఱమును, ఒక సహాయుని వెంటబెట్టుకొని, దేశమెల్ల తిరిగి, రెండువందలకు పైగా రాగరచనలు చేసెను.

కారోలాన్ గతించిన అర్ధశతాబ్దమునకు హార్పు విద్వాంసులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే మిగిలిరి. అప్పుడు బెల్ఫాస్టు నగరపు పెద్దలు కొందఱు మేలుకొనిరి. వారిలో మాక్‌డొనెల్ అను వైద్యుడొకడు. అతడు బాల్యమున ఆర్థర్ ఓనీల్ అను అంధవిద్వాంసునియొద్ద హార్పు నేర్చినవాడు. విద్వాంసుడు కాలేదు గాని, ఆ విద్యపై ప్రేమ అతనిని విడువలేదు. 1792 జూలై నెలలో అసెంబ్లీ రూమ్స్ అను మందిరమున వారొక సభ చేసిరి. దేశమునంతటినుండి పదిమంది ఐరిష్ విద్వాంసులును, వేల్సునుండి ఒకడును వచ్చిరి. అందఱిలో పెద్దయైన డెనిస్ హెంప్సన్‌కు 97 ఏండ్లని చెప్పిరి. అందఱిలో చిన్నవాడగు విలియం కార్‌కు 15 ఏండ్లు. రోజ్ మూనీ అను అంధురాలు ఆ సభలో ఒకతెయే స్త్రీ.

ఆ సభలో ఒక ప్రక్కన ఎడ్వర్డు బంటింగ్ అను పందొమ్మిదేండ్ల యువకుడు కాగితములు ముందుంచుకొని కూర్చుండెను. అతడు చర్చిలో ఆర్గన్ వాయించువాడు. విద్వాంసులు వాయించినదానిని, ఒక్క స్వరమైనను చేర్చక, వ్రాసికొనుమని సభాపెద్దలు అతనిని నియమించిరి. వృద్ధుడగు హెంప్సన్ వాయింపగా బంటింగ్ ఆశ్చర్యపడెను. పూర్వపద్ధతిని గోళ్ళతో మీటువాడు ఆ సభలో అతడొక్కడే. బహుమానములు ఇతరులకు పోయెను. కాని ప్రాచీనవిద్య ఆ వృద్ధుని వ్రేళ్ళలోనే మిగిలియుండెను. మిక్కిలి పురాతనములైన పాటలను వాయింపుమని బంటింగ్ ప్రార్థించినప్పుడెల్ల అతడు వెనుదీసెనట. అవి నేర్చుటకు కష్టమైనవనియు, వాయించినచో పాతబాధలు మనస్సునకు వచ్చుననియు అతడు చెప్పెనట. నేర్చువారు లేని విద్యను మరల తలచుకొనుట ఆ వృద్ధునికి దుఃఖకరమయ్యెను. ఆ సభ తరువాత పదునైదేండ్లకు, 1807లో, అతడు మరణించెను.

బంటింగ్ ఆ పనిని జీవితాంతము విడువలేదు. 1796లో 66 రాగములతో ఒక గ్రంథమును ప్రకటించెను; 1809లోను, 1840లోను మఱి రెండు గ్రంథములను వెలువరించెను. అతడు లేనిచో ఆ రాగములలో ఎన్నియో నేడు ఎవ్వరికిని తెలియకపోవును. ఇది అతడు చేసిన మహోపకారము. అయినను ఆ పుస్తకములలో అంతయు చిక్కలేదు. ధనికుల ఇండ్లలో పియానోలు వెలసిన కాలమది. ఆ పుస్తకములు కొనువారు పియానో వాయించువారే. కావున బంటింగ్ రాగములను పియానోకు అనువుగా మార్చి అచ్చువేయించెను. పాటల మాటలను సేకరించుటకు 1802లో పాట్రిక్ లించ్ అను పండితుని పల్లెలకు పంపెను. కాని ఆ మాటలలో చాలభాగము అతని జీవితకాలమున అచ్చుకాలేదు. ఇట్లు రాగము మాటకు దూరమయ్యెను. మాటయు రాగమును చేతిపనికి దూరమయ్యెను. గోళ్ళతో లోహపుతీగలను మీటు పరంపర పందొమ్మిదవ శతాబ్దమున తెగిపోయెను. అంధబాలబాలికలకు హార్పు నేర్పుటకై 1808లో బెల్ఫాస్టులో ఒక సంఘము స్థాపింపబడెను. ఆర్థర్ ఓనీల్ దానికి ఉపాధ్యాయుడయ్యెను. కాని ధనము చాలక అది కొన్నేండ్లకే నిలిచిపోయెను. సభ జరిగిన మందిరమో, 1845లో బ్యాంకుగా మార్చబడెను. సంగీతము వినిపించిన చోట నాణెముల చప్పుడు వినిపించెను.

ఆ కథ ఇంతటితో ముగిసినచో అది దుఃఖకథయే యగును. కాని అట్లు కాలేదు. 1845 మొదలు కొన్నేండ్లపాటు ఐర్లండులో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి ఘోరమైన కఱవు వచ్చెను. దాదాపు పదిలక్షలమంది మరణించిరి. అంతకంటె ఎక్కువమంది అమెరికా మున్నగు దేశములకు వలసపోయిరి. వలసపోయినవారు మూటలలో ఏమియు తీసికొనిపోలేకపోయిరి గాని, గొంతులలో పాటలను తీసికొనిపోయిరి. ఫ్రాన్సిస్ ఓనీల్ అనువాడు ఐర్లండులోని కార్కు సీమనుండి బాల్యమునందే ఓడలలో పనిచేయబోయి, తుదకు అమెరికాలోని షికాగో నగరమున పోలీసుల అధిపతియయ్యెను. అతనికి వేణువు వాయించుట తెలియును గాని స్వరములు వ్రాయుట తెలియదు. తాను పాడగా, జేమ్స్ ఓనీల్ అను తోటి పోలీసు ఉద్యోగి వ్రాసెను. ఇట్లు నగరములోని తన దేశీయులనుండి సేకరించి, 1903లో 1850 రాగములుగల గ్రంథమును అతడు ప్రకటించెను. దొంగలను పట్టువాడు పాటలను పట్టెను!

వలసపోయినవారి పట్టుదలకు మఱియొక నిదర్శనము కలదు. ఐరిష్ భాషను బ్రతికించుటకై 1893లో గేలిక్ లీగు అను సంఘమేర్పడెను. ఆ సంఘపు లండను శాఖవారు 1897 అక్టోబరు 30వ తేదీ సాయంకాలమున బ్లూమ్స్‌బరీ హాలులో ఒక గాననృత్యసభను జరిపిరి. పల్లెలలో పొయ్యిచుట్టు జరుగు వినోదగోష్ఠికి కేలీ యని పేరు. ఆ పేరునే వారు ఆ సభకు పెట్టిరి. పరాయినగరములో నివసించు ఐరిష్ జనులు, తమ ఇంటి వినోదమును ఒక మందిరములో మరల నిర్మించుకొనిరి. నేడు ప్రపంచమున అనేకదేశములలో జరుగు కేలీలకు అదియే మొదటిదని చెప్పుదురు.

ఐరిష్ నృత్యమును చూచినచో తప్పెటగుళ్ళు జ్ఞప్తికి వచ్చును. అందు ఆడువారు నడుమునుండి పైభాగమును నిటారుగా నిలిపి, చేతులను ప్రక్కలకు వ్రేలాడవిడిచి, పాదములతోనే వాద్యము వాయింతురు. గట్టి అడుగుల చెప్పులు చెక్కవేదికపై గజ్జెలవలె పలుకును. జిగ్ అను తాళమున లెక్క మూడు మూడుగా నడచును. ఉద్దానపు ఆటగాడు ఱొమ్ముపై తప్పెటను మ్రోగించును. ఐరిష్ ఆటగాడు ఱొమ్మును కదలనీయడు. పద్ధతులు వేఱు. కాని నేలను వాద్యముగా చేసికొనుట ఇరువురికిని సమానము.

1951లో ఐర్లండులో సంగీతకారులు కోల్తస్ అను మఱియొక సంఘమును స్థాపించిరి. ఊరూర పిల్లలకు నేర్పుట, ఏటేట సంగీతోత్సవము జరుపుట దాని పని. తెగిపోయిన హార్పు పద్ధతిని బంటింగ్ వ్రాతప్రతుల సహాయమున మరల నేర్చువారు ఇరువదవ శతాబ్దమున బయలుదేఱిరి. 2019లో ఐరిష్ హార్పు వాదనమును యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. ఆ గౌరవము పుస్తకములకు వచ్చినది కాదు. మందిరమునకు వచ్చినది కాదు. నేర్పువారుండి, నేర్చువారుండి, జీవించుచున్న విద్యకు వచ్చినది.

ఇట్టి కృషి తెలుగుసీమకు క్రొత్తది కాదు. టెక్కలికి సమీపముననే యున్న పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తిగారు ఉపాధ్యాయులుగా నుండిరి. వారు 1863లో శ్రీకాకుళము సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. మహేంద్రగిరి ప్రాంతపు కొండలలో నివసించు సవరలు పర్లాకిమిడికి వచ్చుచుండగా రామమూర్తిగారు వారి మాటలను వినిరి. లిపిలేని ఆ భాషను నేర్వవలెనని సంకల్పించిరి. ఆ భాష తెలిసినవానిని ఇంటనుంచుకొని, ఏండ్లతరబడి శ్రమించి నేర్చిరి. సవరల కథలను, పాటలను సేకరించిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు వాచకములు వ్రాసిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. కొండలలో తిరుగునప్పుడు వచ్చిన మన్యపు జ్వరమునకు క్వినైను అధికముగా సేవింపవలసివచ్చి, వారికి చెవుడు కలిగినదని చెప్పుదురు. ఒక జాతి మాటను వినుటకై వారు తమ వినికిడినే వెచ్చించిరి.

బంటింగ్‌కును రామమూర్తిగారికిని ఒక భేదము కలదు. బంటింగ్ హార్పు నేర్వక హార్పు పాటలను వ్రాసెను. రామమూర్తిగారు మొదట నేర్చిరి, పిమ్మట వ్రాసిరి, వ్రాసినదానిని మరల సవర పిల్లల చేతికే ఇచ్చిరి. పుస్తకము పాటకు సమాధి కారాదు, వంతెన కావలెను. ఒక గొంతునుండి వచ్చినది మఱియొక గొంతునకు చేరినప్పుడే వ్రాత సార్థకమగును.

నేడు ఉద్దానపు పాటకు వలెనే ఉద్దానపు జనులకును పరీక్షాకాలము. తీరపు యువకులు వేటకై గుజరాతులోని వేరావలువఱకు పోవుచున్నారు. తక్కినవారు పనులకై విశాఖపట్టణము, హైదరాబాదు మున్నగు నగరములను చేరుచున్నారు. తప్పెట పట్టవలసిన చేతులు ఊరికి దూరమైనవి. ఊరిలోనున్న పిల్లలకు చరవాణి తెరమీద లోకమునందలి ఆటలన్నియు కనబడును. తన వీధిలోని ఆట మాత్రము సంబరమునాడే కనబడును. అయినను నిరాశకు కారణము లేదు. షికాగోలో పోలీసు అధిపతి చేసిన పనిని విశాఖలోనో, వేరావలులోనో యున్న ఉద్దానపు యువకుడు చేయలేడా? ఆ చరవాణియే, మంచిపనికి వాడినచో, బంటింగ్ కాగితములకంటె గొప్ప సాధనము. అది రాగమునే గాక, మాటను, చేతిని, అడుగును గూడ పట్టియుంచును. కాని అది పట్టినది తనంతట తాను ఆడదు. దానిని చూచి ఒక బాలుడు కాలు కదపవలెను. దిద్దుటకు ప్రక్కన ఒక పెద్ద మోచేయి ఉండవలెను.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఒక్క రాత్రిలో తరతరముల కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొఱిగెను. తాతలు నాటిన చెట్లు మనుమల కన్నుల యెదుట కూలెను. ఉద్దానమను పేరు ఇక నిలుచునా యని పెక్కుమంది భయపడిరి. కాని రైతులు కూలిన మ్రాకులను తొలగించి, ఆ చోటనే మరల మొక్కలు నాటిరి. కొబ్బరిమొక్క నాటినవాడు మఱునాడే కాయ కోయజాలడు. నీరు పోయుచు, పశువులనుండి కాపాడుచు, ఏండ్లకొలది వేచియుండవలెను. వేచియుండుట తెలిసిన జనులు గనుకనే ఆ సీమ మరల పచ్చబడుచున్నది.

పాటయు అట్టి చెట్టే. ఒక గురువు గతించినప్పుడు ఒక పెద్దచెట్టు కూలును. ఆ చోట మొక్క నాటుట నేర్చువాని పని. దానికి పెద్దమందిరము అక్కఱలేదు. గొప్ప ధనము అక్కఱలేదు. సెలవులలో తాతయొద్ద కూర్చుండి ఒక పాటను అడిగి తెలిసికొనుట, అందలి కష్టమైన మాటకు అర్థము అడుగుట, తాళము తప్పినప్పుడు సిగ్గుపడక మరల మొదలుపెట్టుట — ఇంతమాత్రము చాలును. బెల్ఫాస్టులో 97 ఏండ్ల వృద్ధుని ప్రక్కన 15 ఏండ్ల బాలుడును ఉండెను. కాని వృద్ధుని గోళ్ళలోని విద్య బాలుని గోళ్ళకు దిగలేదు. ఉద్దానములో గోపురముపైనున్న బాలుడు క్రిందనున్న పెద్దల భుజములను నమ్ముకొని నిలిచియున్నాడు. ఆ భుజముల బలమును అతడు నేర్చికొన్నంతకాలము, గోడలులేని ఆ మందిరమున పాటకు లోటుండదు.